రేకుల బాబాయ్ మౌనవ్రతం

మా వీధిలో రేకుల బాబాయ్ చెయ్యి పడని ఇల్లు లేదు. వాన నీళ్ళు దిగే చూరు గొట్టాలు, వంటింటి పొగగొట్టాలు, గుమ్మం పక్కన ఉత్తరాల డబ్బాలు, అన్నీ ఆయన చేసినవే. లెక్కల మాస్టారి ఇంటి ఉత్తరాల డబ్బాకి మాత్రం సందు మరీ సన్నగా ఉంటుంది. "ఇందులో కరెంటు బిల్లు కూడా పట్టదు కదయ్యా!" అని మాస్టారు వెళ్ళి గొడవపడితే, "అందుకేగా అలా చేసింది, మీకు మేలు చేద్దామని" అన్నాడట బాబాయ్. మాస్టారు ఇరవై ఏళ్ళుగా ఆ మాట అందరికీ చెప్పి నవ్వుతుంటారు. డబ్బా మార్పించుకోమంటే మాత్రం వినరు.

వరసకి ఆయన నాకు బాబాయ్ కాడు. మా వీధిలో ఎవరికీ ఏమీ కాడు, అందుకని అందరికీ బాబాయే. అరవై రెండేళ్ళ మనిషి. పొట్టిగా ఉంటాడు గానీ ముంజేతులు చూస్తే ఎవరో పెద్ద ఒంటివాడి దగ్గర అరువు తెచ్చుకున్నాడేమో అనిపిస్తుంది. కుడి చెవి వినపడదు. నలభై ఏడేళ్ళు కుడిచేత్తో సుత్తి ఎత్తి దించుతుంటే ఆ పక్క చెవి ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది? ఆ చెవుడుని కూడా ఆయన వృథా పోనివ్వలేదు. సలహాలు చెప్పడానికి వచ్చినవాళ్ళని కుడి పక్క స్టూలు మీద కూర్చోబెడతాడు. పనికొచ్చే మాట చెప్పేవాళ్ళకి ఎడమ పక్క పీట వేస్తాడు. నేను చిన్నప్పటి నుంచీ ఎక్కువగా స్టూలు మీదే కూర్చున్నాను.

ఇంటి ముందు గదే ఆయన కొట్టు. మధ్యలో నేలలోకి సగం పాతిన మొద్దు, దాని మీద ఇనప దిమ్మె. గోడకి ఆనించి నిలబెట్టిన రేకులు. ఒక మూల కుంపటి, అందులో ఎర్రగా కాలుతూ టంకం పెట్టే కడ్డీ. తొమ్మిదింటికి సుత్తి మొదలవుతుంది. ఒంటిగంటకి ఆగుతుంది. రెండింటికి మళ్ళీ మొదలై అయిదింటిదాకా నడుస్తుంది. ఆ చప్పుడులో దొరికే సందుల్లోనే మేం ఫోన్లు మాట్లాడుకునేవాళ్ళం. "ఉండు, బాబాయ్ ఊపిరి తీసుకుంటాడు, అప్పుడు చెప్తా" అనడం మా వీధిలో మామూలు మాట. ఇంటికొచ్చిన చుట్టాలకి పిచ్చెక్కేది. మాకు వినపడేదే కాదు.

పదిహేనో ఏట బడి మానేసి తండ్రి పక్కన కూర్చున్నాడు. బడి ఎందుకు మానేశావని నేను అడిగితే, "మానలేదమ్మాయ్, మాస్టార్లే నన్ను మానేశారు" అన్నాడు. తండ్రి మొదటి ఏడాదంతా సుత్తి ముట్టుకోనివ్వలేదట. పక్కన కూర్చోబెట్టుకుని వినమనేవాడట. ఈ పని తెలియనివాళ్ళకి అందులో ఉన్న సంగతి చెప్పాలి. రేకుకి రేకు కలపాలంటే రెండిటి అంచులూ మడిచి, ఒక మడతలో ఇంకో మడత తగిలించి, పైనుంచి సుత్తితో అణచాలి. అణిగిందో లేదో కంటికి తెలియదు, చెవికి తెలుస్తుంది. సరిగ్గా అణిగితే చప్పుడు పొట్టిగా, గట్టిగా ఉంటుంది. వదులుగా ఉంటే ఆ చప్పుడు వెనకాలే సన్నగా ఒక జీర వినిపిస్తుంది. బాబాయ్ ఆ మిగిలిన ఒక్క చెవీ రేకు దగ్గరికి వంచి, వింటూ కొడతాడు. "టంకం నీళ్ళని ఆపుతుంది గానీ, డబ్బాని నిలబెట్టేది మడతే" అంటాడు. ఆయన చేసిన డబ్బా కారుతోందని ఎవరైనా వెనక్కి తెచ్చిన రోజు నా ఎరుకలో లేదు.

ప్లాస్టిక్కు వచ్చాక సగం పని పోయింది. తోటపని చేసేవాళ్ళు నీళ్ళు చల్లే డబ్బాలు కొనడం మానేశారు. నూనె అమ్మేవాళ్ళు గరాటులు కొనడం మానేశారు. నేర్చుకోవడానికి వచ్చిన ఇద్దరూ చెవులు నొప్పని చెప్పి వెళ్ళిపోయారు. బాబాయ్ ఎవరినీ ఏమీ అనలేదు. మా అమ్మ ఒక ఎర్ర ప్లాస్టిక్ బకెట్టు కొని ఆయనకి కనపడకుండా కొంగు చాటున తెచ్చుకుంటే, "ఏమ్మా, బిడ్డకి ఎన్నో నెల?" అని అడిగాడట. ఆ రోజు నుంచీ మా ఇంట్లో ప్లాస్టిక్ ఏది కొన్నా అమ్మ ముందు ఆయనకి చూపించి తెచ్చేది.

మా వీధి వెనక గోడ విశ్వవిద్యాలయం వాళ్ళ స్టేడియానిది. ఒకప్పుడు అది మా పెరళ్ళ స్థలం. పిల్లల ఆటలకి తప్ప ఇంకెందుకూ వాడమని చెప్పి తీసుకున్నారు. బాబాయ్ తండ్రి పెరడు కూడా అందులోనే కలిసిపోయింది. అయినా మాకు ఆ స్టేడియం మీద కోపం ఉండేది కాదు. సాయంత్రాలు పిల్లలు పరిగెత్తేవాళ్ళు, అరిచేవాళ్ళు, చీకటి పడే వేళకి వెళ్ళిపోయేవాళ్ళు. ఎవరెన్ని కొట్టారో చూపించే పలకకి రేకుతో అంకెలు కోసి ఇచ్చింది కూడా బాబాయే. తలకిందులు చేస్తే తొమ్మిదే ఆరు అవుతుంది కదా అని ఆరు అసలు కోయలేదు. వాళ్ళు చాలా ఏళ్ళు గమనించనే లేదట.

పోయిన ఏడాది విశ్వవిద్యాలయం వాళ్ళకి కొత్త ఆలోచన వచ్చింది. స్టేడియాన్ని కంపెనీలకి అద్దెకిస్తారట. పాటల కచేరీలు, కార్ల ప్రదర్శనలు, ఇంకా ఏవేవో, ఏడాదికి ఇరవై నాలుగు. ముందుగా నమూనాకి ఒకటి చేసి చూపించారు. మధ్యాహ్నం పన్నెండింటి నుంచే ఎవరో మైకులో "హలో... హలో..." అనడం మొదలుపెట్టాడు. రెండు గంటలు అలా అంటూనే ఉన్నాడు. ఎవరైనా ఒక్కరు పలికి ఉంటే ఊరుకునేవాడేమో. సాయంత్రం అసలు చప్పుడు మొదలైంది. అది చెవితో వినే చప్పుడు కాదు, పొట్టలో దడదడలాడే చప్పుడు. మా కిటికీ అద్దాలు వణికాయి. మాస్టారి గోడ గడియారం వంకరపోయింది. బాబాయ్ కొట్లో నిలబెట్టిన రేకులు ఎవరూ ముట్టుకోకుండానే మోగాయి. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే నర్సమ్మ ఎర్రబడ్డ కళ్ళతో వీధిలోకొచ్చి నిలబడింది. "ఇరవై నాలుగు సార్లా?" అని మాత్రం అంది.

అలా పుట్టింది మా వీధి కమిటీ. లెక్కల మాస్టారు అధ్యక్షుడు. నర్సమ్మ ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించింది. నేను బడి ఆఫీసులో గుమస్తాని కాబట్టి రాతకోతలు నా నెత్తిన పడ్డాయి. నగర కార్యాలయానికి అర్జీ రాశాను. దాని మొదటి వాక్యం నాకు ఇప్పటికీ గుర్తే, రాసినప్పుడు చూసుకుని నేనే మురిసిపోయాను మరి. "చీమ చిటుక్కుమన్నా వినిపించేంత ప్రశాంతమైన వీధి మాది." ఆ ముక్క రాసేటప్పుడు బాబాయ్ సుత్తి చప్పుడుకి ఆలోచన కుదరక కిటికీ మూసుకుని రాశాను. నా మీద నాకు అనుమానమైనా రాలేదు. బాబాయ్ అర్జీ చదివి అందరికన్నా ముందు సంతకం పెట్టాడు. "ఆ చీమ ఎక్కడుందమ్మాయ్? నేనెప్పుడూ వినలేదే" అన్నాడు. అందరం నవ్వాం.

నగర కార్యాలయంలో అధికారి నెమ్మదైన మనిషి. రెండు పక్షాల మాటా విని ఒక పద్ధతి చెప్పారు. మా వీధిలో మామూలు రోజుల్లో ఎంత చప్పుడు ఉంటుందో ఏడు రోజులపాటు మీటరు పెట్టి కొలుస్తారు. స్టేడియం చప్పుడు ఆ అంకెకి కాస్త పైదాకా మా వీధిలోకి రావచ్చు, అంతకి మించకూడదు. బయటికి వస్తూనే మాస్టారు వేళ్ళు లెక్కపెట్టుకున్నారు.

"అర్థమైందా? మన వీధి ఎంత నిశ్శబ్దంగా ఉంటే వాళ్ళ నోరు అంత మూతపడుతుంది. అంకె యాభై లోపు వచ్చిందా, కచేరీ కాదు కదా, గట్టిగా తుమ్మడానికి కూడా కుదరదు వాళ్ళకి" అన్నారు.

"మరి బాబాయ్?" అంది నర్సమ్మ.

పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలన్నట్టు ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. చివరికి ముగ్గురం కలిసే వెళ్ళాం. ఆ రోజు బాబాయ్ మమ్మల్ని ఎడమ పక్కన కూర్చోబెట్టాడు. మాస్టారు చట్టం దగ్గర మొదలుపెట్టి చెవి నిర్మాణం దాకా వచ్చారు. బాబాయ్ మధ్యలో ఆపాడు.

"ఏడు రోజులేగా మాస్టారూ?"

"ఏడంటే ఏడే."

"దీనికి ముగ్గురు రావాలా? ఈ అమ్మాయి కిటికీలోంచి ఒక కేక వేస్తే సరిపోయేది."

లోపలి నుంచి పిన్ని వచ్చింది. పిన్ని మాట తక్కువ మనిషి. ఆ రోజు కూడా ఒక్కటే అడిగింది. "బేకరీ వాళ్ళ పొగగొట్టం ఒప్పుకున్నారుగా?"

"ఆగుతారులే. ఈలోగా గీసుకోవడాలు, కోసుకోవడాలు చేసుకుంటా. వీధి కోసం ఏడు రోజులు చేతులు ముడుచుకోలేనా?" అన్నాడు బాబాయ్.

ఆ వారం మా వీధిని చూసి తీరాలి. బాబాయ్ ఇంటి ఎదురు స్తంభానికి మీటరు కట్టారు. స్కూటర్లని వీధి మొదట్లోనే ఆపి, తోసుకుంటూ ఇళ్ళకి వచ్చారు. మిక్సీలని దుప్పట్లు కప్పి తిప్పారు. మూడో ఇంటివాళ్ళు కుక్కని చుట్టాలింటికి పంపించారు. అది వెళ్తూ వెళ్తూ సరిగ్గా ఆ స్తంభం దగ్గరే ఆగి మొరిగి మరీ వెళ్ళింది. మాస్టారి తుమ్ము వీధి చివరిదాకా వినిపించే రకం, అందుకని ఏడు రోజులూ దిండు చంకలో పెట్టుకుని తిరిగారు. మొగుడూ పెళ్ళాలు పోట్లాటలు కూడా కాగితాల మీద రాసుకుంటున్నారని చెప్పుకున్నారు. మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా అలా జరిగి ఉంటుందని నేననుకోను.

నర్సమ్మకి మాత్రం ఆ నిశ్శబ్దం పడలేదు. మూడో రోజు సాయంత్రం డ్యూటీకి వెళ్తూ మా గుమ్మం ముందు ఆగింది.

"నిద్ర పట్టట్లేదే" అంది.

"ఇంత హాయిగా ఉంటేనా?"

"అదేనే. ఏదో జరిగిపోయినట్టు ఉలిక్కిపడి లేచి కూర్చుంటున్నా."

నేను నవ్వి ఊరుకున్నాను.

బాబాయ్ ఆ ఏడు రోజులూ రేకుల మీద గీతలు గీశాడు. కత్తెరతో కోశాడు. కోసిన ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. కొట్టాల్సిన పని అంతా గుట్ట పడింది. ఎనిమిదో రోజు పొద్దున మీటరు విప్పారు. అంకె నలభై నాలుగు. ఊరి మధ్యలో ఇంత తక్కువ ఎక్కడా చూడలేదని కొలిచిన ఇంజనీరమ్మే ఆశ్చర్యపోయింది. మాస్టారు దిండు అవతల పారేసి మనసారా తుమ్మారు. తర్వాత మెల్లగా బాబాయ్ దగ్గరికి వెళ్ళి, "తీర్పు వచ్చేదాకా ఆగితే మంచిదేమో, వాళ్ళ మనుషులు ఎవరైనా వచ్చి వింటే బాగుండదు" అన్నారు. బాబాయ్ సరేనన్నాడు. ఏడు రోజులు కాస్తా ఇరవై అయ్యాయి.

విచారణకి వీధి వీధంతా కదిలింది. బాబాయ్ కూడా ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. విశ్వవిద్యాలయం లాయరు చురుకైనవాడు. ఒక ఫోటో తీసి అధికారి ముందు పెట్టాడు. అందులో బాబాయ్ కొట్టు బోర్డు ఉంది. "ఇచ్చట అన్ని రకాల రేకు పనులు చేయబడును" అన్న అక్షరాలు నాకు అంత దూరం నుంచి కూడా కనిపించాయి. గుమ్మడికాయ దొంగ అనకముందే నేను భుజాలు తడుముకున్నాను.

అధికారి బాబాయ్‌ని పిలిచారు. ఆయన వెళ్ళి, ఎడమ చెవి అధికారి వైపు తిప్పి నిలబడ్డాడు.

"మీరు రేకు పని చేస్తారా?"

"చేసేవాణ్ణండి."

"ఇప్పుడు?"

బాబాయ్ వెనక్కి తిరిగి మా వైపు చూశాడు. రెండో బెంచీలో మాస్టారు, నర్సమ్మ, నేను. ఆ క్షణంలో నేనేం చేశానో చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ. తల దించుకుని ఒళ్ళో కాగితాలు సర్దుకున్నాను. అవి అప్పటికే సర్ది ఉన్నాయి.

"మానేశానండి" అన్నాడు బాబాయ్.

"పూర్తిగానా?"

"పూర్తిగానే. చెవి పోయింది, వయసూ అయిపోయింది కదండీ."

"అయితే అక్కడ మళ్ళీ సుత్తి చప్పుడు వినపడితే ఈ కొలత చెల్లదని కూడా రాసుకోండి" అన్నాడు లాయరు. అధికారి అది కూడా రాసుకున్నారు.

మౌనం అర్ధాంగీకారం అంటారు. మాది అర్ధం కూడా కాదు, పూర్తి అంగీకారం. మేం గెలిచాం. నలభై నాలుగు అంకె మీద కంపెనీల ప్రదర్శనలు కుదరవని తేలిపోయింది. కార్యాలయం మెట్ల మీద అందరం చేతులు పట్టుకుని ఊపుకున్నాం. నేను బాబాయ్ దగ్గరికి వెళ్ళి, "అదేంటి బాబాయ్, అలా అనేశావ్?" అన్నాను.

"మరేమనాలి? రోజూ కొట్టింది నేను కాదు, నీ చీమ అని చెప్పనా?" అన్నాడు.

ఆయన నవ్వాడు కాబట్టి నేనూ నవ్వాను.

మర్నాడు బోర్డు దిగింది. కొట్టు తలుపు సగం వేసి ఉండేది. ఒప్పుకున్న మాట కోసమే కొన్నాళ్ళు ఆగుతాడు, తర్వాత మామూలే అనుకున్నాం. మేం అనుకున్నది అబద్ధమని మాకు తెలుసు. మళ్ళీ సుత్తి మోగితే కొలత చెల్లదు, కొలత పోతే గెలుపు పోతుంది, అది బాబాయ్‌కి మాకన్నా బాగా తెలుసు. అయినా ఎవరికి వాళ్ళం ఏదో ఒకటి చెప్పుకున్నాం. పెద్దవాడయ్యాడు, కాస్త విశ్రాంతి అన్నాం. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళ గురించి విన్నాను. మేం తగలేయలేదు. తెప్ప తనంతట తనే అంటించుకుంటే చుట్టూ చేరి చలి కాచుకున్నాం.

రెండు నెలల తర్వాత ఒక పొద్దున బడికి వెళ్ళే బస్సులో బాబాయ్ కనిపించాడు. ఒళ్ళో గోనెసంచి పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

"ఏంటి బాబాయ్ సంచిలో?"

"గుమ్మడికాయ."

డ్రైవరు బ్రేకు వేశాడు. సంచిలో ఇనుముకి ఇనుము తగిలి ఖంగుమంది.

"కాయ బాగా ముదిరినట్టుంది" అన్నాను.

"అవునమ్మాయ్. ముదిరితేనే తీపి" అన్నాడు కిటికీలోంచి బయటికి చూస్తూ.

నవ్వుతూనే దిగాను. బడి గేటు దగ్గరికి వచ్చేసరికి ఏడుపొచ్చింది. ఆ దిమ్మె ఎంత బరువో నాకు తెలుసు. చిన్నప్పుడు నేనూ మా తమ్ముడూ కలిసి పట్టినా లేచేది కాదు.

సాయంత్రం పిన్ని దగ్గరికి వెళ్ళాను. బాబాయ్ ఇంకా రాలేదు. పిన్ని అంతసేపు మాట్లాడటం నేను అదే మొదలు చూడటం. రోజూ రెండు బస్సులు మారి, ఊరి అవతల ఆవిడ తమ్ముడి లారీల షెడ్డుకి వెళ్ళి కొట్టుకొస్తున్నాడట. అక్కడ వదిలితే పోతుందని దిమ్మె కూడా రోజూ వెంట మోసుకెళ్ళి తెచ్చుకుంటున్నాడట. పొడుగు రేకులు బస్సు ఎక్కనివ్వరు కాబట్టి చూరు గొట్టాల పని, పొగగొట్టాల పని పోయాయి. బేకరీ వాళ్ళు ఎప్పుడో ఇంకొకరిని చూసుకున్నారు. ఇక మిగిలినవి చిన్న చిన్న డబ్బాలే.

"అక్కడ లారీలు పొద్దస్తమానం గుర్రుమంటూనే ఉంటాయి. మడత పడిందో లేదో ఈయనకి వినపడదు. పోయిన వారం నాలుగు డబ్బాలు కారుతున్నాయని వెనక్కొచ్చాయి" అంది పిన్ని.

"బాబాయ్ చేసినవా?"

"ఆయన చేసినవే. ఒకటి ఇంటికి తెచ్చుకుని, నీళ్ళు పోసి, అడుగున చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. చుక్క చుక్క చేతిలో పడుతుంటే చూస్తూనే ఉన్నారు. భోజనానికి లేవలేదు. ఇక నిజంగానే మానేస్తానే అన్నారు."

పిన్ని నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికి నడుస్తూ ముందు విశ్వవిద్యాలయం వాళ్ళ మీద కోపం తెచ్చుకున్నాను. తర్వాత లాయరు మీద, ఆ తర్వాత మాస్టారి మీద. మా గుమ్మం చేరేసరికి ఇంకెవరూ మిగల్లేదు, నేనే ఉన్నాను.

ఆ సాయంత్రమే కూర్చుని రెండో అర్జీ రాశాను. ఈసారి కిటికీ తెరిచే ఉంది, మూయాల్సిన అవసరం లేకపోయింది. "మా మొదటి అర్జీలో మొదటి వాక్యం అబద్ధం. అది రాసింది నేను. మా వీధిలో ఒక రేకుల కొట్టు ఉంది. నలభై ఏడేళ్ళుగా పగటిపూట సుత్తి చప్పుడు ఉంది. కొలిచిన ఏడు రోజులూ మేం అడిగితేనే అది ఆగింది. దయచేసి మళ్ళీ కొలవండి." చదువుకుంటే మురిసిపోయేలా ఏమీ లేదు.

మాస్టారి ముందు గదిలో సమావేశం పెట్టాం. మాస్టారు కాగితం చదివి కళ్ళజోడు తీసేశారు.

"గెలిచిన కేసుని మన చేత్తో మనమే పాడు చేసుకుంటామా? సుత్తి కలిస్తే అంకె అరవై దాటుతుంది. ఎన్ని కచేరీలు వస్తాయో తెలుసా?"

"తెలీదు మాస్టారూ."

"నేను లెక్క కట్టాను. ఆరు."

"అయితే ఆరు."

"పోనీ, ఆయనేమైనా అడిగాడా? కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా?"

అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ నర్సమ్మ ముందుకొచ్చింది. "కందకి దురద లేదని ఎవరు చెప్పారు మాస్టారూ? దాని నోరు కుట్టేసింది మనమే కదా" అంది. "పొద్దున నేను డ్యూటీ దిగి వస్తుంటే ఆయన ఆ సంచి మోసుకుంటూ ఎదురొస్తాడు. పడుకో అమ్మా, ఇప్పుడు హాయిగా ఉంది కదా అంటాడు. రోజూ అంటాడు. నేనెలా పడుకోను చెప్పండి? ఆ ఆరు రోజులూ సెలవు పెట్టుకుంటా, ఇలా ఇవ్వండి ఆ పెన్ను."

మొదటి సంతకం ఆవిడే పెట్టింది. ఆ చప్పుడు వల్ల అందరికన్నా ఎక్కువ పోగొట్టుకునేది ఆవిడే అని గదిలో అందరికీ తెలుసు. ఒకరి తర్వాత ఒకరు లేచారు. అందరూ కాదు. ఏడిళ్ళవాళ్ళు పెట్టలేదు, అందులో ఒకావిడ నాతో ఇప్పటికీ మాట్లాడదు, ఆవిడని నేను తప్పుపట్టను. మాస్టారు చివర్న పెట్టారు. సంతకం కింద "అయిష్టంగా" అని రాశారు. కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగి, మళ్ళీ పెన్ను అడిగి ఆ మాట కొట్టేశారు.

బాబాయ్‌కి ఎవరం చెప్పలేదు. చెబితే కాగితం చింపి కుంపట్లో వేసేవాడు. ఇంజనీరమ్మ మీటరు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "రోజూ చేసే పని ఒకసారి చేసి చూపించండి" అన్నప్పుడే ఆయనకి సంగతి తెలిసింది. వెనకాల నిలబడ్డ నన్ను చూశాడు. అంత కోపంగా ఆయన నన్ను ఎప్పుడూ చూడలేదు.

"నన్ను అబద్ధాలకోరుని చేశావా అమ్మాయ్?"

"ఆ అబద్ధం నాది బాబాయ్. నువ్వు మోశావంతే."

"మీరంతా కష్టపడి గెలిచింది పోతుందే!"

"పోనీ."

"నర్సమ్మ నిద్రో?"

"మొదటి సంతకం ఆవిడదే."

ఆయన రేకుల వైపు తిరిగాడు. తర్వాత కూర్చుని రెండు ముక్కలు తీసి మడతకి మడత తగిలించాడు. కొయ్య సుత్తికి పాత గుడ్డ చుట్టి మెల్లగా తట్టడం మొదలుపెట్టాడు. నిద్రపోతున్న పసివాడిని జోకొడుతున్నట్టు ఉంది ఆ తట్టడం. మీటరులో అంకె కదిలీ కదలనట్టు ఉంది.

"రోజూ ఇంతేనా?" అంది ఇంజనీరమ్మ.

"ఇంతేనమ్మా" అన్నాడు బాబాయ్, తల ఎత్తకుండా.

అప్పటికి వీధంతా గుమ్మం ముందుకి చేరింది. ఆయన ఎవరి కోసం అంత మెల్లగా కొడుతున్నాడో అక్కడ తెలియనివాళ్ళు లేరు. ఆ మనిషి మీద అంత ప్రేమ, అంత కోపం ఒకేసారి వచ్చాయి.

"బాబాయ్, గట్టిగా కొట్టు" అన్నాను.

"కొడితే అంకె పెరుగుతుందమ్మాయ్."

"తెలుసు. కొట్టు."

"కొట్టవయ్యా బాబూ!" అని వెనక నుంచి మాస్టారు అరిచారు. పిన్ని లోపలి నుంచి వచ్చి, ఆ గుడ్డ చుట్టిన సుత్తి ఆయన చేతిలోంచి తీసేసుకుని, ఇనప సుత్తి పెట్టింది.

తర్వాత ఏమైందంటే, ఆరు కాదు, ఏడాదికి తొమ్మిది ప్రదర్శనలకి అనుమతి వచ్చింది. మాస్టారి లెక్క తప్పడం అదే మొదటిసారి. వాటిని చీకటి పడకముందే ముగించాలని మేం ఇంకా కార్యాలయం చుట్టూ తిరుగుతూనే ఉన్నాం, తిరుగుతాం కూడా. మైకు "హలో" అన్న ప్రతిసారీ తిట్టుకుంటాం. కానీ నాకు ఆ పొద్దున మాత్రం వేరుగా గుర్తుంది.

బాబాయ్ ఎడమ చెవి రేకు దగ్గరికి వంచి మొదటి దెబ్బ కొట్టాడు. మీటరులో అంకె ఎగిరింది. రెండో దెబ్బకి ఇంకా పైకి పోయింది. దెబ్బ దెబ్బకీ మేం గెలిచింది పోతుంటే, కళ్ళారా చూస్తూ గుమ్మం ముందు నిలబడ్డాం. మడత చివరిదాకా వచ్చాక ఆయన ఆగి, వేలితో తడిమి చూసుకుని, తల ఎత్తి మా వైపు చూశాడు. ఎవరమూ చాలనలేదు. ఆయన ఇంకో రేకు అందుకున్నాడు.